మిరప డ్రయ్యర్‌కి ప్రభుత్వ గ్రాంటు: ఏ స్కీముకి వెళ్లాలి, ప్రపోజల్లో ఏం రాయాలి?

పల్నాడు_మిర్చి:

నమస్తే అండీ. పగలు ఎండతో, రాత్రి పత్తికట్టె పొయ్యితో నడిచే మిరప డ్రయ్యర్ మీద ముగ్గురం పనిచేస్తున్నాం. 20 కిలోల నమూనా సిద్ధంగా ఉంది. దాన్ని విడతకి 200 కిలోల పండుకాయ పట్టేలా పెంచాలని ప్లాను. కల్లంలో పట్టా మీద ఆరబోస్తే 8 నుంచి 15 రోజులు పడుతుంది. మధ్యలో ఒక్క వాన పడినా, రాత్రిళ్లు మంచు గట్టిగా కురిసినా బూజు పట్టి తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) పెరుగుతుంది. యార్డులో తాలు ధర సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ప్రభుత్వ గ్రాంటుకి ప్రపోజల్ రాస్తున్నాం. నా సందేహాలు ఇవి.

1. ఆర్‌కేవీవై-రఫ్తార్, బైరాక్ బిగ్, నిధి-ప్రయాస్, స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ అని నాలుగు పేర్లు వినబడుతున్నాయి. ముందు దేనికి పెట్టాలి?

2. ప్రస్తుతం ఒకరి పేరు మీద ప్రొప్రైటర్‌షిప్ ఉంది, జీఎస్‌టీ కూడా దాని మీదే. ఇది సరిపోతుందా?

3. న్యూజెర్సీలో ఉన్న మా పెదనాన్న కొడుకు 40 శాతం వాటాకి డబ్బు పెడతానంటున్నాడు. అమెరికా పౌరుడు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాల వాళ్లకిచ్చే) కార్డు ఉంది. ఏమైనా చిక్కా?

4. ప్రస్తుత బడ్జెట్: 200 కిలోల డ్రయ్యర్లు ఐదు 15 లక్షలు, షెడ్డు 4 లక్షలు, జీతాలు 4 లక్షలు, ప్రయాణాలు వగైరా 1.5 లక్షలు, ల్యాబ్ పరీక్షలు 50 వేలు. మొత్తం 25 లక్షలు. ఎండ వేడి పట్టే కలెక్టర్ 20 చదరపు మీటర్లు. "8 గంటల్లో కాయ ఆరుతుంది, రైతులకు ఎంతో ఉపయోగం" అని రాశాం. ఇంకా ఏం చేర్చాలి?

---

గ్రాంటు_గుమాస్తా:

ముందు స్కీములు. మీరు చెప్పిన నాలుగూ ఒకే రకం డబ్బు కాదు.

రఫ్తార్ కేంద్ర వ్యవసాయ శాఖది, 2018-19లో మొదలైంది. దీన్ని నడిపేవి ఐదు నాలెడ్జ్ పార్ట్‌నర్లు (దారి చూపే పెద్ద సంస్థలు), వాటికి తోడు 24 ఇంక్యుబేటర్లు (కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే కేంద్రాలు). హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ) ఆ ఐదింట్లో ఒకటి. ఇందులో మూడు మెట్లు. మొదటిది రెండు నెలల ఓరియంటేషన్, నెలకి 10,000 స్టయిపెండు. రెండోది ప్రీ-సీడ్, గరిష్ఠం 5 లక్షలు. మూడోది సీడ్, గరిష్ఠం 25 లక్షలు. ప్రీ-సీడ్‌లో 10 శాతం, సీడ్‌లో 15 శాతం మన చేతి డబ్బు పెట్టాలి. మీ 25 లక్షల బడ్జెట్‌లో మీ వాటా గడే లేదు. ఆ లెక్కన 21.25 లక్షలు గ్రాంటు, 3.75 లక్షలు మీది. ఆ 3.75 ఎక్కడిదో బ్యాంకు స్టేట్‌మెంటులో చూపించాల్సి వస్తుంది.

బైరాక్ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సంస్థ) ఇచ్చే బిగ్ గ్రాంటు 50 లక్షల దాకా, 18 నెలలు. సాధారణంగా జనవరి 1న, జులై 1న పిలుపు వస్తుంది. మన దగ్గర జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ద్వారా వెళ్లొచ్చు. కానీ అది బయోటెక్ డబ్బు. డ్రయ్యర్ అంటే వేడి, గాలి, ఇనుము. కాయలో అఫ్లటాక్సిన్‌ని (బూజు వల్ల వచ్చే విషాన్ని) కల్లం దగ్గరే పట్టే కిట్ లాంటిదైతే బిగ్‌కి సరిగ్గా అతుకుతుంది. డ్రయ్యర్‌కి ఊరికే "బయో" తగిలించి పంపితే మొదటి వడపోతలోనే పోతుంది.

నిధి-ప్రయాస్ కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ)ది. పనిచేసే నమూనా చేయడానికి 10 లక్షల దాకా ఇస్తుంది, వ్యక్తిగా కూడా పెట్టుకోవచ్చు. మీ దగ్గర నమూనా ఉందంటున్నారు కాబట్టి "ఇంకా ఏ సాంకేతిక సందేహం మిగిలింది" అని అడుగుతారు. దానికి జవాబు ఉంటేనే వెళ్లండి.

స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్‌కి, నమూనాకి 20 లక్షల దాకా గ్రాంటు. మార్కెట్‌లోకి దిగడానికి 50 లక్షల దాకా అప్పుగానో, తర్వాత షేర్లుగా మార్చుకునే కన్వర్టిబుల్ డిబెంచర్లుగానో ఇస్తారు. ఇక్కడ చాలామంది జారిపడే మెట్టు ఒకటుంది. దరఖాస్తు నాటికి కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదు. అంతకుముందు కేంద్ర, రాష్ట్ర స్కీముల నుంచి 10 లక్షలకు మించి డబ్బు తీసుకుని ఉండకూడదు. పోటీల బహుమతులు, ఫౌండర్‌కిచ్చే నెలవారీ భత్యం, ల్యాబ్ వాడకం ఆ 10 లక్షల్లోకి రావు. అంటే రఫ్తార్ ఓరియంటేషన్, ప్రీ-సీడ్ తీసుకున్నా ఈ తలుపు తెరిచే ఉంటుంది. 21 లక్షల సీడ్ తీసుకున్న రోజు మూసుకుపోతుంది. వరస ముఖ్యం.

ప్రొప్రైటర్‌షిప్‌కి డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ) స్టార్టప్ గుర్తింపు రాదు. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టండి. వాటాలు ఇవ్వాలనుకుంటున్నారు కాబట్టి ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) మీకు ఇబ్బందే. పాత ప్రొప్రైటర్‌షిప్ పేరు మీద కొన్న సామాను బిల్లులు కొత్త కంపెనీ గ్రాంటులో చూపించలేరు. అందుకే కంపెనీ వచ్చేదాకా పెద్ద కొనుగోళ్లు ఆపండి.

మీ అన్నగారి 40 శాతం గురించి. బైరాక్ లెక్కలో 51 శాతం వాటా భారత పాస్‌పోర్టు ఉన్న పౌరుల చేతిలో ఉండాలి. ఓసీఐ, పీఐఓ కార్డులు లెక్కలోకి రావు. సీడ్ ఫండ్‌లోనూ భారతీయ ప్రమోటర్ల వాటా 51 శాతానికి తగ్గకూడదు. ఈరోజు మీకు 60 ఉంది కాబట్టి పర్వాలేదనిపిస్తుంది. రేపు ఇంకో ఇన్వెస్టర్‌కి 15 శాతం కొత్త షేర్లు ఇస్తే అందరి వాటా ఆ మేరకు తగ్గి మీది 60 × 0.85 = 51 అవుతుంది. ఆ ఇన్వెస్టర్ కూడా బయటివాడైతే అంచు మీద నిలబడ్డట్టే. 25 శాతం దగ్గర ఆపమనండి. మిగతాది అప్పుగా ఇవ్వాలనుకుంటే విదేశీ అప్పుల నిబంధనలు వేరే, సీఏని అడక్కుండా ఆ దారి పట్టొద్దు. తిరిగి బయటికి తీసుకెళ్లే పద్ధతిలో షేర్లు ఇస్తే, కేటాయించిన 30 రోజుల్లోగా రిజర్వ్ బ్యాంకుకి ఎఫ్‌సీ-జీపీఆర్ (విదేశీ పెట్టుబడికి షేర్లిచ్చినట్టు తెలిపే ఫారం) దాఖలు చేయాలి. ఆలస్యానికి రుసుం ఉంటుంది.

---

బాపట్ల_ఇంజినీరు:

"8 గంటల్లో" అన్న మాట కొట్టేయండి. రివ్యూలో ఒక్కరు కాలిక్యులేటర్ తీసినా ప్రపోజల్ అక్కడే ఆగిపోతుంది. లెక్క చూడండి.

200 కిలోల పండుకాయ, తేమ 75 శాతం. అంటే పొడి పదార్థం 50 కిలోలు. 10 శాతం తేమకి ఆరితే మిగిలేది 50 ÷ 0.9 = 55.6 కిలోలు. ఎగిరిపోవాల్సిన నీరు 144.4 కిలోలు. కిలో నీటికి సుమారు 2.4 మెగాజౌల్స్ చొప్పున 347 మెగాజౌల్స్, అంటే 96 యూనిట్లు. ఇది నీటికి మాత్రమే. గోడల్లోంచి, పైకిపోయే గాలితో పోయేదంతా కలిపి డ్రయ్యర్ సామర్థ్యం 40 శాతం అనుకుంటే 240 యూనిట్లు. 8 గంటల్లో అయిపోవాలంటే ఆగకుండా 30 కిలోవాట్ల వేడి కావాలి.

మీ 20 చదరపు మీటర్ల కలెక్టర్ ఎంతిస్తుంది? రోజుకి చదరపు మీటరుకి 5 యూనిట్ల ఎండ, మొత్తం మీద 25 శాతం పనికొస్తే 20 × 1.25 = 25 యూనిట్లు. దాంతో ఎగిరేది 37 కిలోల నీరు. మొత్తంలో నాలుగో వంతు. మిగతాదంతా పొయ్యిదే. "సోలార్ డ్రయ్యర్" అని పేరు పెట్టి మూడొంతులు కట్టె కాలుస్తుంటే ఆ మాట మీరే ముందు రాసేయాలి, వాళ్లు కనిపెట్టేదాకా ఆగకూడదు.

కట్టె లెక్క: మొత్తం పొయ్యి మీదే నడిపితే, కిలో కట్టెకి 15 మెగాజౌల్స్, పొయ్యి నుంచి కాయ దాకా 30 శాతం అందితే 347 ÷ 4.5 = 77 కిలోలు. కట్టె కిలో 5 రూపాయలనుకున్నా 385 రూపాయలు, కిలో ఎండుకాయకి 7 రూపాయలు. అదే కరెంటు హీటర్‌తో అయితే 240 యూనిట్లు, యూనిట్ 7 రూపాయల చొప్పున 1,680, కిలోకి 30 రూపాయలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే మీ యంత్రం ఎందుకు కావాలో వాక్యం రాయకుండానే అర్థమవుతుంది.

అసలు అడ్డు వేడి కూడా కాదు, కాయ తోలు. మిరప తోలు మీద మైనపు పొర ఉంటుంది, లోపలి నీరు బయటికి రావడానికి టైమ్ పడుతుంది. చీల్చని కాయ 55-60 డిగ్రీల దగ్గర ఒక పగలూ ఒక రాత్రి దాటుతుంది. తొందరపడి 70కి పెంచితే పైతోలు గట్టిపడి లోపల గింజ దగ్గర తేమ ఇరుక్కుంటుంది, రంగు నల్లబడుతుంది. బయటికి గలగలమంటుంది, టిక్కీలో (మిర్చి బస్తాలో) పది రోజులుంటే మెత్తబడి బూజు మొదలవుతుంది. మీ నమూనాలో ఆరిన కాయని 24 గంటలు గాలి చొరని డబ్బాలో పెట్టి మళ్లీ తేమ చూడండి. పెరిగితే పైపైన ఆరినట్టే.

ఇంకోటి, పొగ. పత్తికట్టె పొగ కాయకి తగిలితే వాసన ఒక్కటే కాదు, పీఏహెచ్ (పొగలో పుట్టే హానికర రసాయనాలు) అవశేషాలొస్తాయి. యూరప్‌కి వెళ్లే ఎండు మసాలా దినుసుల్లో వాటిలో ఒకటైన బెంజోపైరీన్‌కి కిలోకి 10 మైక్రోగ్రాములు హద్దు. హీట్ ఎక్స్ఛేంజర్ (పొగ కలవకుండా వేడిని మాత్రం గాలికిచ్చే భాగం) ఉందని నమ్మకం పెట్టుకోవద్దు. రోజూ వేడెక్కి చల్లబడి వెల్డింగ్ అతుకులు సన్నగా చిట్లుతాయి. బ్లోయర్‌ని ఎక్స్ఛేంజర్ తర్వాత పెట్టి గాలి లాగితే ఆ చిట్లిన చోటు నుంచి పొగ కూడా లోపలికొస్తుంది. బ్లోయర్ ముందు పెట్టి మంచి గాలిని ఎక్స్ఛేంజర్‌లోకి తోస్తే మంచిగాలి వైపు ఒత్తిడి ఎక్కువుంటుంది. చిట్లినా మంచిగాలే పొగగొట్టంలోకి పోతుంది. ఖర్చు పెరగదు, ఫ్యాన్ చోటు మారుతుందంతే. డ్రాయింగులో ఇది చూపించండి.

20 నుంచి 200కి పెంచేటప్పుడు ట్రేల సంఖ్య పెంచాలి గాని ట్రేలో కాయ మందం పెంచొద్దు. గాలి కింద నుంచి వస్తే కింది ట్రేలు ముందు ఎండిపోయి పైవి పచ్చిగా ఉంటాయి. ట్రేలు మార్చడమా, గాలి దిశ తిప్పడమా అన్నది కూడా మీ పరిశోధన ప్రశ్నే, రాయండి.

---

పల్నాడు_మిర్చి:

లెక్కకి చాలా థాంక్సండీ. ఒక అనుమానం. మావైపు రైతులు కాయని చెట్టు మీదే కొంచెం వడలనిచ్చి కోస్తారు. అప్పుడు 75 శాతం తేమ ఉండదు కదా?

---

బాపట్ల_ఇంజినీరు:

ఉండదు. వడలిన కాయ 60 శాతమే అనుకోండి. 200 కిలోల్లో పొడి పదార్థం 80, ఆరాక 88.9 కిలోలు, ఎగిరే నీరు 111. అంటే నీరు 33 కిలోలు తక్కువ, ఎండుకాయ 33 కిలోలు ఎక్కువ. కిలో ఎండుకాయకి కట్టె ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది. మొదటి కోత కాయతో ఒక విడత, వడలిన మూడో కోత కాయతో ఇంకో విడత నడిపి "మా మార్పు వల్ల ఇంధనం ఆదా" అని రాస్తే ఆ ఆదా యంత్రానిది కాదు, కాయది. ప్రతి విడతకీ మొదట్లో తేమ కొలిచి రాయాల్సిందే. ఫలితాన్ని "కిలో నీటికి ఎంత కట్టె" అని చెప్పండి. కిలో ఎండుకాయకి అని మాత్రమే చెప్తే ఈ తేడా దాగిపోతుంది.

---

లెక్కల_మాస్టారు:

మీ బడ్జెట్‌లో యంత్రాలకి 15 లక్షలు, పరీక్షలకి 50 వేలు. చదివేవాడికి ఇది పరిశోధనగా కనబడదు, తయారీ షాపుకి పెట్టుబడిలా కనబడుతుంది. ఐదు పెద్ద యంత్రాలు దేనికి? ఒకే డిజైన్ ఐదుసార్లు కడితే కొత్తగా తెలిసేదేమీ లేదు.

మీకు తెలియాల్సింది ఏ ఉష్ణోగ్రత దగ్గర రంగు నిలిచి, తాలు తగ్గి, ఇంధనం గిట్టుబాటవుతుందన్నది. ఒకే పెద్ద యంత్రంతో 50, 55, 60 డిగ్రీలు చూడాలంటే మూడు వేర్వేరు రోజులు కావాలి. మూడు రోజుల కాయ ఒకటి కాదు, ఎండ ఒకటి కాదు. అదే 20 కిలోల యంత్రాలు మూడుంటే ఒకే రోజు కోసిన కాయని కలగలిపి నాలుగు భాగాలు చేసి, మూడు యంత్రాల్లో, నాలుగోది కల్లంలో పట్టా మీద ఒకేసారి పెట్టొచ్చు. ఒక నమూనా ఉంది కాబట్టి ఇంకో రెండు కడితే చాలు.

పద్ధతి ఇలా రాయండి: నాలుగు ట్రీట్‌మెంట్లు (కల్లం, 50, 55, 60), ఐదు బ్లాకులు. బ్లాక్ అంటే ఒక కోత రోజు. దీన్ని ర్యాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ అంటారు. మొత్తం 20 విడతలు, 20 కిలోల చొప్పున 400 కిలోల పండుకాయ. ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (యాదృచ్ఛిక తేడాని అంచనా వేయడానికి మిగిలే స్వతంత్ర అంకెలు) 3 × 4 = 12 వస్తుంది, అంతకంటే తగ్గించొద్దు. ఏ యంత్రానికి ఏ ఉష్ణోగ్రత అన్నది ప్రతి కోతకీ చీటీ వేసి మార్చండి. లేకపోతే ఒక యంత్రానికున్న లోపం ఆ ఉష్ణోగ్రత లోపంగా లెక్కలోకి ఎక్కుతుంది.

ఎక్కువగా చేసే తప్పు: ఒకే విడతలోంచి మూడు గుప్పెళ్లు తీసి మూడు రెప్లికేషన్లు (ప్రయోగాన్ని విడిగా మళ్లీ చేయడం) అనేయడం. అవి రెప్లికేషన్లు కావు, ఒకే విడతని మూడుసార్లు కొలిచినట్టు. వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రివ్యూయర్ ఎవరైనా దీన్ని చూడగానే పట్టేస్తారు.

కొలవాల్సినవి: రెండు గంటలకోసారి ట్రే బరువు, లోపల మూడు ఎత్తుల్లో ఉష్ణోగ్రత, గాలిలో తేమ, కట్టె కిలోలు, ఫ్యాను యూనిట్లు, చివర్లో బరువు లెక్కన తాలు శాతం, ఆస్టా రంగు (మిరప ఎరుపుని కొలిచే అంకె), కాప్సైసిన్ (కారం ఇచ్చే పదార్థం), తేమ, అఫ్లటాక్సిన్. తేమకి మామూలు ఓవెన్ పద్ధతి మిరపకి సరిపడదు, వేడికి నీటితోపాటు వేరే ఆవిర్లు కూడా పోయి అంకె ఎక్కువ చూపిస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 1797లో చెప్పిన టొలువీన్ డిస్టిలేషన్ చేయించండి. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. రుసుముల పట్టిక ముందే తెచ్చుకుని 20 విడతలతో గుణించండి, మీ 50 వేలు ఏ మూలకీ చాలదని తేలుతుంది.

అఫ్లటాక్సిన్ దగ్గర రెండు చిక్కులు. ఒకటి, అది కుప్పంతా సమానంగా ఉండదు. నూరు కాయలు శుభ్రంగా ఉండి నూటొకటోది మొత్తం విషం మోస్తుంది. పావుకిలో చేతికందిన చోట తీసి పంపితే సున్నా రావచ్చు, వంద రావచ్చు. ఎండిన విడతలో యాభై చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి, అదంతా కలిపి పొడి చేయించి, ఆ పొడిలోంచి నమూనా తీయాలి. ముందు కాయలు తీసి తర్వాత పొడి చేస్తే ప్రయోజనం లేదు. రెండు, ఫిబ్రవరి ఎండలో కల్లం కాయకి కూడా అఫ్లటాక్సిన్ రాకపోవచ్చు. అప్పుడు మీ యంత్రం మెరుగని ఆ పరీక్ష చెప్పలేదు. కాబట్టి విజయ ప్రమాణాన్ని దాని మీద వేలాడదీయకండి. తాలు శాతం, రంగు, ఇంధనం ముందు పెట్టి, అఫ్లటాక్సిన్‌కి "ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రత సంస్థ) హద్దు మొత్తం 30, బీ1 (అందులో ఎక్కువ విషపు రకం) 15, యూరప్ హద్దు మొత్తం 10, బీ1 5 మైక్రోగ్రాములు కిలోకి, మా కాయ యూరప్ హద్దులోపు ఉండాలి" అని రాయండి.

"రైతులకు ఎంతో ఉపయోగం" బదులు ఇలా: "తేమ 11 శాతం లోపు, తాలు కల్లంతో పోలిస్తే సగం, కిలో ఎండుకాయకి ఇంధనం 10 రూపాయల లోపు. మూడింట్లో రెండు రాకపోతే 200 కిలోల యంత్రం కట్టం." ఓడిపోయే అవకాశం రాసిన ప్రపోజల్‌నే పరిశోధన అనుకుని చదువుతారు.

---

సెన్సార్_సూరి:

చిన్న సంగతి, కానీ దీనివల్లే డేటా పాడవుతుంది. డ్రయ్యర్ లోపల డీహెచ్‌టీ22 తేమ సెన్సార్ పెట్టకండి. మొదటి గంటల్లో గాలి తేమ 90 దాటుతుంది, కాయ దుమ్ము పడుతుంది, ఆ తర్వాత అది చెప్పే అంకెకి విలువుండదు. ఎస్‌హెచ్‌టీ31ని ఫిల్టర్ టోపీతో పెట్టండి. ఉష్ణోగ్రతకి నీరు చొరని డీఎస్18బీ20 సెన్సార్ చాలు, అగ్గువ కూడా.

లోడ్ సెల్ (బరువు కొలిచే సెన్సార్) 60 డిగ్రీల గదిలో పెడితే వేడికే దాని సున్నా జరుగుతుంది. కాయ బరువు తగ్గిందా, సెల్ జారిందా తెలియదు. సెల్‌ని పైకప్పు మీద బయట బిగించి, చిన్న కంతలోంచి కడ్డీ దింపి ట్రేకి తగిలించండి. కొలిచే క్షణంలో బ్లోయర్ ఆపాలి, గాలి తోపుకి ట్రే కొంచెం పైకి లేచి బరువు తక్కువ చూపిస్తుంది. విడతకి ముందూ వెనకా 5 కిలోల తూకం రాయి పెట్టి చూసిన అంకె కూడా నమోదు చేయండి.

---

గ్రాంటు_గుమాస్తా:

డబ్బు కాగితాల సంగతి కూడా చెప్పేస్తాను, మంజూరు వచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది.

గ్రాంటుకి విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. అమ్మకాల డబ్బు, అన్నగారి పెట్టుబడి అందులో కలపొద్దు. ఆ ఖాతాలో గ్రాంటు మీద వచ్చిన వడ్డీ మీది కాదు, జీఎఫ్ఆర్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి) 230 ప్రకారం ప్రభుత్వ ఖజానాకి తిరిగి కట్టాలి. డబ్బు వాయిదాల్లో వస్తుంది. ముందు వాయిదా ఖర్చు పత్రం ఇస్తేనే తర్వాతది కదులుతుంది. ఆ పత్రం జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో ఉండాలి, కింద సీఏ సంతకంతో ఖర్చుల పట్టిక జతచేయాలి.

ఎక్కడ ఆగిపోతుందంటే ఫ్యాబ్రికేషన్ దగ్గర. వెల్డింగ్ షాపువాడు తెల్లకాగితం మీద "డ్రయ్యర్ పని 1,20,000" అని రాసిస్తాడు. ఆడిట్‌లో అది చెల్లదు. జీఎస్‌టీ బిల్లు, అందులో రేకు, గొట్టం, కూలి విడివిడిగా, కంపెనీ పేరు మీద, మంజూరు తేదీ తర్వాత ఉండాలి. పెద్ద కొనుగోలుకి మూడు కొటేషన్లు ఫైల్లో పెట్టండి. మూడూ ఒకే చేతిరాతతో ఉంటే లేనట్టే. పండుకాయ రైతు దగ్గర కొంటే బిల్లుండదు కాబట్టి, పేరు, ఊరు, బరువు, ధర, సంతకంతో చెల్లింపు రసీదు రాయించి డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

షెడ్డు 4 లక్షలు తీసేయండి. భూమి, కట్టడాలు ఇలాంటి గ్రాంటుల్లో నిలబడవు. ముందే ఉన్న గోదాములో ఒక మూల అద్దెకి తీసుకోవడం మేలు. ఫౌండర్ల జీతం కూడా చాలాచోట్ల కొట్టేస్తారు, టెక్నీషియన్ జీతం ఉంచుతారు. ఇంకోటి, గ్రాంటు అంటే పన్ను లేని డబ్బనుకోకండి. కంపెనీ ఖాతాలో దాన్ని ఆదాయంగా చూపాలా, యంత్రం విలువలోంచి తగ్గించాలా అన్నది మొదటి ఏడాదే సీఏతో తేల్చుకోండి.

---

పేటెంటు_పిచ్చయ్య:

రైతు మేళాలో స్టాలు పెట్టకముందే, ఇన్‌స్టాలో వీడియో వేయకముందే ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (పేటెంటుకి తాత్కాలిక వివరణ పత్రం) దాఖలు చేయండి. స్టార్టప్‌కి ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు. అక్కడినుంచి 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్ వేయాలి, వేయకపోతే మొదటి తేదీ పోతుంది. "మిరప ఆరబెట్టే పద్ధతి" అని క్లెయిమ్ రాస్తే పేటెంట్ చట్టం 3(హెచ్), వ్యవసాయ పద్ధతికి పేటెంట్ లేదన్న క్లాజు, అడ్డం చూపే అవకాశముంది. యంత్రం మీద రాయండి: ఎక్స్ఛేంజర్ అమరిక, గాలి దిశ తిప్పే తలుపు, ఎండ నుంచి పొయ్యికి మారే కంట్రోలు. డీపీఐఐటీ గుర్తింపు వచ్చాక ఎస్ఐపీపీ (స్టార్టప్‌ల పేటెంట్లలాంటి హక్కులకు సాయపడే) స్కీములో అటార్నీ రుసుము ప్రభుత్వం భరిస్తుంది, ఆఫీసు ఫీజు మాత్రం మీదే.

విశ్వవిద్యాలయంతో కలిసి పరీక్షలు చేస్తే ఒప్పందంలో "కనిపెట్టినదాని హక్కు ఎవరిది" అన్న వాక్యం చదవకుండా సంతకం పెట్టకండి.

---

పల్నాడు_మిర్చి:

అందరికీ దండాలు. మీరు చెప్పినట్టు తిరగరాశాం. రఫ్తార్ ప్రీ-సీడ్‌కి వెళ్తున్నాం, మొత్తం 5.5 లక్షలు: 20 కిలోల యంత్రాలు ఇంకో రెండు 1.2 లక్షలు, పొయ్యి, ఎక్స్ఛేంజర్ మార్పులు 90 వేలు, సెన్సార్లు, తూకం 45 వేలు, ల్యాబ్ 1.6 లక్షలు, కాయ 35 వేలు, టెక్నీషియన్ 60 వేలు, పేటెంటు 15 వేలు, ప్రయాణం 25 వేలు. గ్రాంటు 4.95, మాది 55 వేలు. 200 కిలోల యంత్రం సీడ్ దశకి వాయిదా వేశాం. ఏమైనా వదిలేశామా?

---

బాపట్ల_ఇంజినీరు:

బాగుంది. రెండు విషయాలు.

200 కిలోల యంత్రం అమ్మకానికి వచ్చేసరికి రైతు మొదట అడిగేది సబ్సిడీ ఉందా అని. యాంత్రీకరణ స్కీముల జాబితాలోకి ఎక్కాలంటే గుర్తింపు ఉన్న సంస్థ టెస్ట్ రిపోర్టు కావాలి. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర యంత్ర పరీక్షా సంస్థ ఉంది. సీడ్ దశ బడ్జెట్‌లో ఆ పరీక్ష రుసుము, యంత్రం అక్కడికి తోలే లారీ కిరాయి ఇప్పుడే ఒక గడిగా రాసుకోండి. డ్రాయింగులు, ప్లేటు మందాలు, మోటారు సీరియల్ నంబరు అన్నీ అడుగుతారు. పరీక్షకిచ్చిన యంత్రానికీ అమ్మే యంత్రానికీ తేడా ఉండకూడదు.

రెండోది తేదీలు. కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఐదు బ్లాకులు అంటే ఐదు కోత రోజులు. కల్లం విడత ఒక్కోటి 15 రోజుల దాకా పట్టొచ్చు, చివరి కోత మార్చి రెండో వారం దాటితే ఎండ ముదిరి కల్లం కాయ గబగబా ఆరిపోతుంది, పోలిక చెదురుతుంది. మంజూరు ఫిబ్రవరిలో వస్తే యంత్రాలు కట్టేసరికి సీజన్ అయిపోతుంది, 12 నెలల ప్రాజెక్టులో 9 నెలలు కాయే ఉండదు. కాబట్టి పని పట్టికలో ఒకటో నెల అని కాకుండా నెల పేర్లు రాయండి: అక్టోబర్-నవంబర్ యంత్రాలు, డిసెంబర్‌లో ఖాళీ యంత్రంతో ఉష్ణోగ్రత పరీక్ష, జనవరి మూడో వారం మొదటి బ్లాక్. మంజూరు ఆలస్యమైతే ఉన్న 20 కిలోల నమూనాతోనే ఈ సీజన్లో 55 డిగ్రీలు, కల్లం మధ్య మూడు బ్లాకులు సొంత ఖర్చుతో చేసి ఉంచుకోండి. ఇంటర్వ్యూలో ఆ కాగితం ముందు పెట్టొచ్చు.